అట్టల దండ నుంచి థండర్‌బోల్ట్ దాకా: మన డిజైన్లు నడిచిన దారి



ఈ వార్షికోత్సవ సంచిక మీ చేతికి ఫోన్లో వస్తోంది. ఎక్కడో ఒక కంప్యూటర్లో అక్షరాలు కూర్చారు, ఇంకో పెట్టెలో దాచారు, అక్కడి నుంచి తీగల మీదుగా, గాలి మీదుగా మీ దాకా చేరింది. కంప్యూటర్‌కీ, సమాచారం దాచుకునే పెట్టెకీ మధ్య నడిచే ఆ తీగల చరిత్రే ఈ వ్యాసం. ఇదంతా ఇంజనీర్ల గొడవ, నేతగాళ్లకు దీంతో పనేమిటి అని ఎవరైనా అడగవచ్చు. పని చాలా ఉంది. ఆ చరిత్ర మొదలైంది మగ్గం మీదే. ఇప్పుడు మన తాతల డిజైన్లు మిగలడం, పోవడం కూడా ఆ తీగల మీదే ఆధారపడి ఉంది.

మన ఊళ్లు, మన మాట

మన తిరుత్తణి 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దులు మార్చిన చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. 1997లో చెంగల్పట్టు జిల్లాను విడదీసినప్పుడు తిరువళ్లూరు జిల్లా పుట్టింది. జిల్లా పేర్లు మారాయి, బళ్లో పిల్లల చదువు తమిళంలోకి మారింది. పక్కింటివాళ్లు తరి అంటారు, మనం మగ్గం అంటాం. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం, ఆర్.కె.పేట, పళ్లిపట్టు వైపు వెళ్తే ఇవాళ్టికీ వీధి వీధినా మగ్గం చప్పుడు వినబడుతుంది. గుంట మగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చినా పడుగు పడుగే, పేక పేకే.

ఈ దారిన సరుకు నడవడం కూడా పాత కథే. దక్షిణాదిలో మొట్టమొదటి రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి ఆర్కాటు వైపు నడిచింది. ఆ లైను తిరువళ్లూరు మీదుగానే పోతుంది. రైలు గుడ్డ మూటలను మోసింది. మూట మోసే బండి కావాలి, దిగడానికి స్టేషన్ కావాలి, పట్టాల మధ్య దూరం రెండు చోట్లా ఒకటే ఉండాలి. కంప్యూటర్ తీగల కథలో కూడా ఈ మూడు సంగతులే మళ్లీ మళ్లీ వస్తాయి.

దారంలో దాచిన డిజైను

గుడ్డ మీద పువ్వు రావాలంటే ఏ పేకకు ఏ పడుగు పోగులు పైకి లేవాలో ఎవరికో ఒకరికి గుర్తుండాలి. మొదట అది నేతగాడి తలలో ఉండేది. పువ్వు పెద్దదయ్యే కొద్దీ తల చాలలేదు. అప్పుడు మనవాళ్లు ఆ గుర్తును దారంలోనే కట్టిపెట్టారు. కంచిలో దాన్ని అడై అన్నారు, కాశీలో జాల అన్నారు. లేవాల్సిన పోగుల వరసను దారాలతో ముడివేసి మగ్గం మీద వేలాడదీస్తారు. పక్కన కూర్చున్న కుర్రాడు వరసగా ఒక్కొక్క దారం లాగుతుంటే నేసేవాడు నాడె విసురుతాడు. డిజైనును మనిషి తల నుంచి బయటికి తీసి ఒక వస్తువులో దాచి, కావలసినప్పుడు మళ్లీ మగ్గానికి చెప్పడం అంటే ఇదే. ఇవాళ కంప్యూటర్‌వాళ్లు నిల్వ అనేదీ, బదిలీ అనేదీ ఈ పనినే.

ఫ్రాన్సులో లియాన్ పట్టణం కూడా మన కంచి లాంటి పట్టు ఊరు. అక్కడ 1725లో బసీల్ బుషాన్ అనే ఆయన చిల్లులు పెట్టిన కాగితం చుట్టతో పోగులను ఎంచే పద్ధతి కనిపెట్టాడు. మూడేళ్ల తర్వాత ఫాల్కన్ చుట్ట తీసేసి, ఒకదానికొకటి కుట్టిన అట్టలు పెట్టాడు. 1745 ప్రాంతంలో వోకాన్సన్ దాన్ని ఇంకొంత మార్చాడు. ఈ ముగ్గురి పనినీ కలిపి, ఒక్క మనిషి కాలితో తొక్కి నడపగలిగే యంత్రంగా 1804లో చేసి చూపించినవాడు జోసెఫ్ మారీ జకార్డ్. ఆయన పేరే మన నోట జకార్డు పెట్టె అయింది. లాగే కుర్రాళ్ల పని పోతుందని లియాన్ నేతగాళ్లు ఆ యంత్రం మీద తిరగబడ్డారు కూడా. పవర్‌లూమ్ వచ్చినప్పుడు మన ఊళ్లలో పుట్టిన భయం అక్కడ వందేళ్లు ముందే పుట్టింది.

అట్ట చదివే సూది

జకార్డు పెట్టెను మనం రోజూ చూస్తాం కాబట్టి అదెంత గొప్ప పని చేస్తోందో గమనించం. అట్ట వచ్చి సూదుల వరసకు తగులుతుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం తన చోట నిలబడి పైకి లేస్తుంది, పోగు లేస్తుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం తప్పుకుంటుంది, పోగు కిందనే ఉండిపోతుంది. చిల్లు ఉందా, లేదా? ఈ ఒక్క ప్రశ్నే. కంప్యూటర్లో ఒకటి, సున్నా అనేవి కూడా ఇవే. అలాంటి ఒక్క గుర్తును బిట్ అంటారు.

ఒక లెక్క వేద్దాం. 400 కొక్కేల జకార్డులో ఒక అట్ట ఒక పేకకు 400 గుర్తులు చెబుతుంది. చేతి మగ్గం మీద నిమిషానికి 40 పేకలు పడ్డాయనుకుంటే నిమిషానికి 16,000 గుర్తులు, సెకనుకు సుమారు 267. కంప్యూటర్ పద్ధతిలో ఒక ఇంగ్లీషు అక్షరానికి 8 గుర్తులు కావాలి. అంటే మన జకార్డు సెకనుకు సుమారు 33 అక్షరాలు చదువుతోంది. 

ఇంకో సంగతి కూడా చూడండి. ఆ 400 సూదులు ఒకదాని తర్వాత ఒకటి చదవవు. అన్నీ ఒక్కసారే అట్టను తాకుతాయి. పక్కపక్కన ఒకేసారి నడిచే ఈ పద్ధతిని గుర్తుపెట్టుకోండి, ముందు మళ్లీ వస్తుంది. అలాగే ఒక కొలత జకార్డుకు కొట్టిన అట్ట ఇంకో కొలత జకార్డుకు పనికిరాదు. చిల్లుల మధ్య దూరం ముతకగా ఉండేవి కొన్ని, విన్సెంజి పద్ధతిలో దగ్గరగా ఉండేవి కొన్ని, వెర్డాల్ పద్ధతిలో కాగితం చుట్టతో నడిచేవి ఇంకొన్ని. డిజైను బాగున్నా పెట్టె సరిపోకపోతే అది మోత బరువే. ఈ బాధ కూడా ముందు మళ్లీ వస్తుంది.

మగ్గం నుంచి కంప్యూటర్‌కు

1839లో లియాన్‌లో జకార్డ్ బొమ్మను పట్టు మీద నేశారు. దానికి పట్టిన అట్టలు సుమారు 24,000. దూరం నుంచి చూసినవాళ్లు అది అచ్చు వేసిన బొమ్మ అనుకునేవారు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ అనే లెక్కల పండితుడు ఆ గుడ్డ ఒకటి సంపాదించి ఇంట్లో పెట్టుకున్నాడు. పువ్వులు నేసే అట్టలతో లెక్కలు ఎందుకు చేయించకూడదు అని ఆయన ఆలోచన. అలా ఊహించిన యంత్రం ఆయన బతికుండగా పూర్తి కాలేదు. కానీ దాని గురించి 1843లో అడా లవ్‌లేస్ రాసిన వివరణలను కంప్యూటర్ చరిత్రలో మొదటి పాఠాలుగా ఇవాళ్టికీ చదువుతారు.

అమెరికాలో హెర్మన్ హాలరిత్ 1890 జనాభా లెక్కలకు చిల్లుల అట్టలే వాడాడు. ఆయన పెట్టిన కంపెనీ కూడా కలిసి ఐబీఎం అయింది. 1928లో ఐబీఎం 80 వరసల అట్ట తెచ్చింది, ఒక అట్టకు 80 అక్షరాలు. మద్రాసు ఐఐటీకి 1973లో ఐబీఎం 370 కంప్యూటర్ వచ్చినప్పుడు విద్యార్థులు అట్టల కట్టలు చంకన పెట్టుకుని వరస తప్పకుండా తీసుకెళ్లి ఇచ్చేవారు. అట్ట వరస తప్పితే పువ్వు చెడినట్టే వాళ్ల లెక్కా చెడేది. మన జకార్డు దండ, వాళ్ల అట్టల కట్ట ఒకే తాత మనవళ్లు.

అప్పటి వేగమైన అట్టల యంత్రం నిమిషానికి 1,000 అట్టలు చదివేది, అంటే సెకనుకు సుమారు 1,333 అక్షరాలు. అది చాలక 1956లోనే ఐబీఎం తిరిగే పళ్లేల మీద అయస్కాంత గుర్తులతో సమాచారం దాచే డిస్కు తెచ్చింది. 50 పళ్లేలు కలిపి దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్లో తీసిన ఒకటి రెండు ఫోటోలు దాని నిండా పడతాయి.

పడుగులాంటి తీగలు

డిస్కు వచ్చాక కొత్త చిక్కు పుట్టింది. డిస్కులో ఉన్నదాన్ని కంప్యూటర్లోకి తేవాలి. ఎవరి డిస్కుకు వాళ్ల తీగ, వాళ్ల ప్లగ్గు. ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. ఐబీఎం డిస్కుల పనిలో ఆరితేరిన ఆలన్ షుగార్ట్ పేరుతో నడిచిన కంపెనీ 1979లో అందరికీ పనికొచ్చే ఒక పద్ధతి తెచ్చింది. అదే 1986లో స్కజీ అనే ప్రమాణం అయింది. 50 పిన్నుల తీగ, ఒకేసారి 8 గుర్తులు పక్కపక్కన, సెకనుకు 50 లక్షల అక్షరాల దాకా. మామూలు ఇంటి కంప్యూటర్లకు అదే రోజుల్లో ఐడీఈ వచ్చింది. పాత కంప్యూటర్ పెట్టె విప్పి చూసినవాళ్లకు గుర్తుంటుంది, లోపల రిబ్బన్‌లాంటి వెడల్పాటి బూడిదరంగు తీగ. అందులో 40 తీగలు పక్కపక్కన అంటుకుని ఉంటాయి.

ఆ రిబ్బన్ తీగను చూస్తే నేతగాడికి వెంటనే పడుగు గుర్తుకు రావాలి. అన్ని పోగులూ ఒకే వైపు, పక్కపక్కన, కలిసి నడుస్తాయి. జకార్డు సూదులు అట్టను ఒక్కసారే చదివినట్టు, ఈ తీగలు 16 గుర్తులను ఒక్కసారే మోస్తాయి.

మరి వేగం పెంచితే ఏమైంది? పడుగులో ఒక పోగు బిగువుగా, ఒకటి వదులుగా ఉంటే గుడ్డ ఎలా ఉంటుందో మనకు చెప్పక్కర్లేదు. తీగల్లోనూ అదే జరిగింది. 16 గుర్తులు కలిసి బయలుదేరినా, ఒక తీగలో వచ్చింది ఒక పిసరు ముందు, ఇంకో తీగలో వచ్చింది ఒక పిసరు వెనక. నిదానంగా పోయినంతకాలం ఆ తేడా తెలియలేదు. వేగం పెంచే కొద్దీ ముందు వరస గుర్తులు, వెనక వరస గుర్తులు కలిసిపోయాయి. పైగా పక్క తీగలో కరెంటు పొంగు ఈ తీగలోకి దూకేది. దాన్ని ఆపడానికి ప్రతి రెండు తీగల మధ్యా ఒక ఉత్త తీగ వేసి 40 తీగలను 80 చేశారు. అయినా సెకనుకు 13 కోట్ల 30 లక్షల అక్షరాల దగ్గర ఆ బండి ఆగిపోయింది.

ఒక్క పోగు గెలిచిన కథ

అప్పుడు ఇంజనీర్లు పడుగును వదిలి పేక వైపు తిరిగారు. పేక ఒక్కటే పోగు, కానీ నాడెతో పాటు అటూ ఇటూ పరిగెత్తి గుడ్డంతా నింపుతుంది. గుర్తులన్నిటినీ ఒకదాని వెనక ఒకటి, ఒకే దారిలో, విపరీతమైన వేగంతో పంపితే ఎలా ఉంటుంది? పక్కవాడితో కలిసి నడవాల్సిన బాధ లేదు. ముందు వెనక అనే గొడవ లేదు.

అయితే ఒక్క తీగ చాలదు, జంట కావాలి. ఒక తీగలో గుర్తు ఎటు పోతే రెండోదానిలో దానికి సరిగ్గా తిరగేసి పంపుతారు. బయటి నుంచి ఏ పొంగు తగిలినా రెండిటికీ సమానంగా తగులుతుంది. అవతలి కొసన రెండిటి మధ్య తేడా మాత్రమే చూస్తారు కాబట్టి ఆ పొంగు కొట్టుకుపోతుంది. సమానంగా తగలాలని చాలా రకాల తీగల్లో ఆ జంటను మెలిపెడతారు. రెండు పోగులు కలిపి పురి పెడితే నూలు గట్టిపడుతుందని మన అవ్వలకు ఎప్పటి నుంచో తెలుసు. తీగకు కూడా పురి బలం ఇచ్చింది.

ఈ దారిలో అందరికీ తెలిసిన పేరు యూఎస్‌బీ. ఇంటెల్ కంపెనీలో పనిచేసిన అజయ్ భట్, వడోదరలో చదువుకున్న మన దేశపు ఇంజనీరు, దాని వెనక ఉన్న ముఖ్యుల్లో ఒకరు. ఇంట్లోవాళ్లు ప్రింటర్ పెట్టుకోవడానికి కూడా ఇంత అవస్థ ఎందుకు పడాలి అన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. ఏడు కంపెనీలు కలిసి 1996 జనవరిలో మొదటి యూఎస్‌బీ ప్రమాణం బయటపెట్టాయి. నాలుగే తీగలు, వాటిలో సమాచారం మోసేది ఒక్క జంట. వేగం సెకనుకు 1 కోటి 20 లక్షల గుర్తులు. అప్పటికే ఆపిల్‌వాళ్ల ఫైర్‌వైర్ 40 కోట్ల గుర్తులు మోస్తోంది, వీడియో తీసేవాళ్లు దాన్నే వాడేవారు. కానీ యూఎస్‌బీ చవక, అందరి పెట్టెల్లోనూ ఉంది. 2000లో వచ్చిన రెండో యూఎస్‌బీ 48 కోట్లకు చేరింది. ఆ ఏడాదే పెన్‌డ్రైవ్ కూడా అంగట్లోకి వచ్చింది. మొదటివాటిలో పట్టేది 8 ఎంబీ.

డిస్కులకు 2003లో సాటా వచ్చింది. 40 పిన్నుల చోట 7 పిన్నులు, సన్నటి తీగ, సెకనుకు 150 కోట్ల గుర్తులు. తర్వాత అది 600 కోట్లకు ఎదిగింది. యూఎస్‌బీ 2008లో 500 కోట్లకు చేరింది. 2011లో ఇంటెల్, ఆపిల్ కలిసి తెచ్చిన థండర్‌బోల్ట్ 1,000 కోట్లతో మొదలై 2015లో 4,000 కోట్లకు చేరింది.

ఎక్కడ ఆగితే అక్కడే ముడి

1733లో జాన్ కే అనే ఇంగ్లీషువాడు తాడు లాగితే పరిగెత్తే నాడె కనిపెట్టాడు. నేత వేగం పెరిగింది. అప్పుడు నూలు చాలలేదు. నూలు వడికే యంత్రాలు వచ్చి నూలు కుప్పలు పడ్డాయి. అప్పుడు మళ్లీ మగ్గం చాలలేదు. పనిలో అన్నిటికంటే నిదానమైన చోటే మొత్తం పని వేగాన్ని నిర్ణయిస్తుంది. తెలంగాణలో ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం గారు కూడా ఈ సంగతినే పట్టుకున్నారు. చీర నేయడానికి ముందు ఆసు పోయడానికి తల్లి గంటల తరబడి చెయ్యి ఆడించి భుజం నొప్పితో బాధపడటం చూసి, ఆ ఒక్క ముడి విప్పారు. ఆమె పేరు పెట్టిన లక్ష్మీ ఆసు యంత్రానికి 2017లో పద్మశ్రీ వచ్చింది.

కంప్యూటర్లోనూ ముడి ఒక చోటు నుంచి ఇంకో చోటుకు జరుగుతూ వచ్చింది. చాలాకాలం తిరిగే డిస్కే నిదానం, తీగ ఖాళీగా ఎదురుచూసేది. తిరగడం లేని ఎస్‌ఎస్‌డీ వచ్చాక డిస్కు వేగంగా ఇస్తోంది, సాటా తీగే మోయలేకపోయింది. అందుకే 2011లో ఎన్‌వీఎంఈ అనే పద్ధతి వచ్చింది. అందులో డిస్కును నేరుగా కంప్యూటర్ వెన్నెముకకే తగిలిస్తారు.

మన పక్క ఊళ్లోనే

ఇదంతా అమెరికా కథ అనుకోకండి. తిరువళ్లూరుకు పొరుగున శ్రీపెరుంబుదూరు ఉంది. 2006లో నోకియా అక్కడ ఫోన్ల ఫ్యాక్టరీ మొదలుపెట్టింది, 2014లో మూసింది. 2007లో డెల్ కంప్యూటర్లు జోడించే ఫ్యాక్టరీ పెట్టింది. ఫాక్స్‌కాన్‌లో 2023 నుంచి ఐఫోన్ 15 జోడించారు. ఐఫోన్‌కు అంతకుముందు వేరే ప్లగ్గు ఉండేది. ఆ మోడల్‌తోనే అది యూఎస్‌బీ సీ ప్లగ్గుకు మారింది, మిగతావాళ్ల ఫోన్లకు వాడే తీగే దానికీ సరిపోయింది. 2014లో వచ్చిన ఈ ప్లగ్గుకు తల కింద, తల మీద తేడా లేదు. నూలు వరస తప్పకుండా చూసే కళ్లు, ముడివేసే వేళ్లు ఉన్న ఇళ్ల పిల్లలు షిఫ్టు బస్సెక్కి అలాంటి ఫ్యాక్టరీలకు పోతున్నారు. మగ్గం వదిలారని మనం బాధపడతాం. ఆ పని కూడా మన అట్టల దండ నుంచే పుట్టిందని తెలిస్తే బాధ కొంత తగ్గవచ్చు.

మగ్గానికి ఎంత వేగం కావాలి?

1983లో మిలాన్ ప్రదర్శనలో బోనాస్ కంపెనీ ఎలక్ట్రానిక్ జకార్డు చూపించింది. అట్టలు లేవు, కంప్యూటరే కొక్కేలకు చెబుతుంది. ఇప్పుడు పెద్ద మిల్లుల్లో అవే. 5,000 కొక్కేలు, నిమిషానికి 600 పేకలు అనుకుంటే సెకనుకు 50,000 గుర్తులు కావాలి. 1996 నాటి యూఎస్‌బీయే దానికి 240 రెట్లు మోయగలదు. అంటే నేయడానికి మగ్గానికి కొత్త వేగాలు అక్కర్లేదు.

డిజైను దాచడానికి కూడా పెద్ద చోటు అక్కర్లేదు. 400 కొక్కేల మీద 2,000 అట్టల కొంగు అంటే 8 లక్షల గుర్తులు, లక్ష అక్షరాలు. పాత ఫ్లాపీ ఒక్కదానిలో అలాంటి కొంగులు పద్నాలుగు పడతాయి. మూటకట్టి అటక మీద పెట్టిన అట్టల దండలు పద్నాలుగు అరచేతిలో పట్టాయన్నమాట.

మరి వేగం ఎక్కడ కావాలి? పెట్టెలో ఉన్న అవ్వ పెళ్లి చీరను బొమ్మగా దాచాలంటే కావాలి. ఒక మీటరు పొడవు, 1.2 మీటర్ల వెడల్పు కొంగును పోగు పోగు కనబడేలా అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేస్తే సుమారు 50 కోట్ల అక్షరాలు అవుతుంది. ఊరంతా కలిపి అలాంటి కొంగులు 100 సేకరించి ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు మార్చాలనుకోండి. మొదటి యూఎస్‌బీ మీద తొమ్మిది గంటలకు పైనే. రెండో యూఎస్‌బీ మీద సుమారు 14 నిమిషాలు. 2008 నాటి యూఎస్‌బీ మీద 80 సెకన్లు. 2015 నాటి థండర్‌బోల్ట్ మీద 10 సెకన్లు. ఇవి కాగితం మీద లెక్కలే. చేతిలో తీగ, డిస్కు, కంప్యూటర్‌లో ఏది నిదానమో దాన్ని బట్టి అసలు సమయం ఎక్కువే పడుతుంది. అయినా తేడా ఎంతో తెలుస్తోంది కదా. ఒకప్పుడు ఏ మ్యూజియం చేతనో మాత్రమే అయ్యే పని ఇప్పుడు మన సంఘం గదిలో ఒక బల్ల మీద అవుతుంది.

పోతున్నది ఏమిటి?

ఇక అసలు సంగతికి వస్తాను. అట్ట పాతదైనా, చెద పట్టినా, ఎత్తి వెలుగుకు పట్టి చూస్తే చిల్లు కనబడుతుంది. ఓపిక ఉన్నవాడు గళ్ల కాగితం మీద మళ్లీ రాసుకోగలడు. ఫ్లాపీని వెలుగుకు పట్టి చూస్తే ఏమీ కనబడదు. 1990లలో, ఆ తర్వాత కొన్నేళ్లు మనవాళ్లు కంప్యూటర్ మీద గీయించిన డిజైన్లు ఫ్లాపీల్లో పడ్డాయి. 1998లోనే ఆపిల్ తన ఐమాక్‌లో ఫ్లాపీకి చోటు తీసేసింది. ఫ్లాపీలు ఎక్కువగా అమ్మిన సోనీ 2011లో వాటి అమ్మకం మానేసింది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ప్రింటర్ పోర్టులో పెట్టే తాళంముక్క ఉండేది, ఆ పోర్టే ఇప్పటి కంప్యూటర్లలో లేదు. ఐడీఈ డిస్కులకు ఇప్పటి పెట్టెల్లో ప్లగ్గు లేదు. విన్సెంజి అట్ట ముతక జకార్డుకు పనికిరానట్టే ఇదీ. డిజైను బతికే ఉండవచ్చు, కానీ దాన్ని చేరే వంతెన కూలిపోయింది.

ఇంకో నష్టం ఉంది. అట్టలు కొట్టించుకున్న రోజుల్లో డబ్బిచ్చినవాడి ఇంటికి దండ వచ్చేది. వస్తువు మన చేతిలో ఉండేది. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో మగ్గానికి కావలసిన ఫైలు మాత్రమే ఇస్తే, గీసిన అసలు బొమ్మ గీసినవాడి కంప్యూటర్లోనే ఉండిపోతుంది. ఆ కంప్యూటర్ చెడినా, ఆ అంగడి మూతపడినా, అదే పువ్వు ఇంకొకరి మగ్గం మీద తేలినా మన దగ్గర చూపడానికి ఏమీ ఉండదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద కొత్త డిజైనును నమోదు చేస్తే పదేళ్లు, పొడిగిస్తే ఇంకో ఐదేళ్లు హక్కు దక్కుతుంది. కానీ నమోదుకు ముందే అది బయట తిరిగితే కొత్తదనం పోతుంది. కొత్త పువ్వు పడగానే సంబరంగా వాట్సాప్‌లో పెట్టేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి.

ఇంటింటా చేయవలసిన పని

మొదట, అటక మీద, బీరువా అడుగున ఉన్న ఫ్లాపీలు, పాత డిస్కులు, సీడీలు బయటికి తీయండి. పారేయకండి. యూఎస్‌బీకి తగిలించే ఫ్లాపీ పెట్టెలు, ఐడీఈ డిస్కుకు తగిలించే మార్పు తీగలు ఇంకా దొరుకుతున్నాయి. ఊరికి ఒకటి ఉంటే చాలు. ఇంకొన్నేళ్లు పోతే అవి కూడా దొరకవు.

రెండోది, డిజైనును సాఫ్ట్‌వేర్ సొంత ఫైలుగా మాత్రమే ఉంచకండి. మామూలు బొమ్మ ఫైలుగా కూడా దాచండి. ఆ సాఫ్ట్‌వేర్ పోయినా బొమ్మ తెరుచుకుంటుంది. గీయించేటప్పుడే అసలు ఫైలు కూడా మనకు ఇవ్వాలని ముందుగా మాట్లాడుకోండి.

మూడోది, పెన్‌డ్రైవ్‌ను నమ్ముకుని కూర్చోకండి. వాడకుండా ఏళ్ల తరబడి పెడితే అందులో గుర్తులు మెల్లగా చెరిగిపోవచ్చు. రెండు వేర్వేరు డిస్కుల్లో, వాటిలో ఒకటి ఇంకో ఇంట్లో ఉండేలా దాచండి. ఏడాదికి ఒకసారి తెరిచి చూడండి, కొత్త డిస్కుకు మార్చండి. విజయదశమికి మగ్గానికి పూజ చేసే రోజున డిస్కు కూడా తెరిచి చూస్తే మరిచిపోరు.

నాలుగోది, తీగ కొనేటప్పుడు చూసి కొనండి. బయటికి ఒకేలా ఉన్నా, ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే తీగలు ఉన్నాయి. వేగమైన డిస్కును నిదానపు తీగతో కలిపితే నిదానమే మిగులుతుంది. చాలా కంప్యూటర్లలో నీలంరంగు యూఎస్‌బీ చోటు వేగమైనది.

ఐదోది పెద్దవాళ్లతో పని. చీరను స్కాన్ చేస్తే బొమ్మ వస్తుంది, దాని పేరు రాదు. ఆ అంచు పేరేమిటి, ఎవరింట్లో పుట్టింది, ఎన్నో నంబరు నూలు, ఎన్ని అట్టలు, ఇవన్నీ ఇప్పుడు డెబ్బై ఎనభై ఏళ్ల తాతలకు, అవ్వలకు మాత్రమే తెలుసు. వాళ్ల పక్కన కూర్చుని ఫోన్లో మాట రికార్డు చేసి, బొమ్మ పక్కనే దాచండి. ఏ థండర్‌బోల్టూ మోయలేని సమాచారం అది. దాన్ని మోయాల్సింది మనవడూ మనవరాలే.

1935లో చేనేత సహకార సంఘంగా మొదలై కో-ఆప్టెక్స్‌గా పేరు తెచ్చుకున్న సంస్థ, 2015లో మద్రాసులోనే మొదటిసారి జరిగిన జాతీయ చేనేత దినోత్సవం, ఇవన్నీ మన పనిని దేశం గుర్తించిందని చెబుతాయి. కానీ మన ఇంటి పువ్వును గుర్తుపెట్టుకోవడం ఏ ప్రభుత్వమూ చేసిపెట్టదు. చిల్లు ఉందా లేదా అని అట్టను చదివించడం ప్రపంచానికి నేర్పింది నేత. ఆ చదువు మీద లోకం ఇంత కట్టుకుంది. మన సొంత చదువు మన పిల్లలకు అందకుండా పోతే అది మనకే చేటు.

వచ్చే వార్షికోత్సవం నాటికి ఊరికి ఒక డిస్కు, అందులో ఆ ఊరి పాత చీరలు, లుంగీ గళ్లు, అంచులు, వాటి పేర్లు ఉండాలని కోరుకుంటూ, పెద్దలకు నమస్కారాలతో, పిల్లలకు ఆశీస్సులతో సెలవు.